జానెడు లోపలికి జరపండి: బ్లాకర్లు లైన్‌బ్యాకర్ దాకా రాకుండా డిఫెన్స్ లైన్‌ను నిలబెట్టడం ఎలా

డాలస్ పక్కన మా ఊళ్లో పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి నేను వాలంటీర్ కోచ్‌ని. ఒక శనివారం మ్యాచ్ అయ్యాక మా మిడిల్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక నిలబడి బంతి ఉన్నవాణ్ణి ఆపేవాడు) హెల్మెట్ తీసి నా దగ్గరికి వచ్చాడు. పద్నాలుగేళ్ల కుర్రాడు, మన తెలుగువాళ్ల అబ్బాయే. "అంకుల్, బంతి ఎటు పోతోందో చూసేలోపే గార్డ్ నా మీద ఉంటున్నాడు" అన్నాడు. గార్డ్ అంటే ఎదుటి టీమ్‌లో బంతి ఉన్నవాడికి దారి తీసే బ్లాకర్లలో ఒకడు. ఆ ఆటంతా మేం సైడ్‌లైన్ నుంచి అరిచింది వాడి మీదే, త్వరగా కదలమని. రాత్రి వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని వీడియో ఆపి ఆపి చూశాను. వాడి ముందు మా డిఫెన్స్ లైన్‌లో ఉన్న లైన్‌మన్ ప్రతి ప్లేకీ జానెడు బయటికి జరిగి నిలబడుతున్నాడు. ఆ జానెడు సందులోంచి ఎదుటి గార్డ్ ఎవరికీ తగలకుండా నేరుగా వచ్చి మా వాడి గుండెల మీద పడుతున్నాడు. అక్కడ నిలబెట్టింది మేము, తిట్లు తిన్నది వాడు.

అందుకే ఇది రాస్తున్నాను. మీరు కూడా ఇలా పిల్లల టీమ్‌కి సాయం చేస్తున్నా, స్కూల్ టీమ్‌లో మీరే ఆడుతున్నా, లైన్‌బ్యాకర్‌ని తప్పుపట్టే ముందు అతని ముందున్నవాళ్ల కాళ్లు ఎక్కడున్నాయో చూడండి. ఇక్కడ చెప్పేదంతా రన్ ప్లే గురించే, అంటే బంతి పట్టుకుని పరిగెత్తే ఆట. పాస్ వేసేటప్పుడు లెక్క వేరు.

ముందు కాగితం మీద పటం గీయండి

ఎదుటి బ్లాకర్ల కోసం వరసగా ఐదు సున్నాలు పెట్టండి. మధ్యలోది సెంటర్, బంతిని వెనక్కి అందించి (స్నాప్) ఆట మొదలుపెట్టేవాడు. అటూ ఇటూ గార్డ్‌లు, వాళ్ల పక్కన టాకిల్స్. కుడి చివర ఆరో సున్నా పెట్టండి, అది టైట్ ఎండ్. సెంటర్‌కీ గార్డ్‌కీ మధ్య సందు ఎ-గ్యాప్, గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్య బి-గ్యాప్, టాకిల్ బయట సి-గ్యాప్, టైట్ ఎండ్ బయట డి-గ్యాప్. ఎడమవైపు టైట్ ఎండ్ లేడు కాబట్టి అక్కడ సి-తోనే ఆఖరు. మొత్తం ఏడు సందులు. మీ నలుగురు లైన్‌మన్‌లు, ముగ్గురు లైన్‌బ్యాకర్లు కలిస్తే ఏడుగురు. మనిషికో సందు.

లైన్‌మన్ ఎక్కడ నిలబడాలో చెప్పడానికి నంబర్లున్నాయి, వీటినే టెక్నిక్ అంటారు. ఈ లెక్క టెక్సస్ కోచ్ బమ్ ఫిలిప్స్ పేరు మీద చెలామణీ అవుతోంది. సెంటర్‌కి సూటిగా నిలబడితే 0, సెంటర్ భుజం మీదైతే 1. గార్డ్‌కి సూటిగా 2, గార్డ్ బయటి భుజం మీద 3. టాకిల్‌కి సూటిగా 4, బయటి భుజం మీద 5. టైట్ ఎండ్ బయటి భుజం మీద 9. నంబర్ పక్కన ఐ అని ఉంటే లోపలి భుజం అని అర్థం: 2ఐ అంటే గార్డ్ లోపలి భుజం, 4ఐ అంటే టాకిల్ లోపలి భుజం. పిల్లలకు ఇవన్నీ ఒకే రోజు చెప్పకండి. 1, 3, 5 చాలు, మిగతావి వాడుకలో వస్తాయి.

టాకిల్ అనే మాట రెండు టీమ్‌లలోనూ ఉండి గందరగోళం చేస్తుంది. ఇక్కడ టాకిల్ అంటే ఎప్పుడూ ఎదుటి బ్లాకరే. మనవాళ్లను నంబర్‌తో పిలుస్తాను, సెంటర్ మీదున్న మనవాణ్ణి మాత్రం నోస్ అంటాను.

కవర్ లేనివాళ్లను లెక్కపెట్టండి

తన మీద డిఫెన్స్ లైన్‌మన్ ఉన్న బ్లాకర్ కవర్ అయినట్టు. ఎవరూ లేనివాడు ఖాళీ. ఈ ఖాళీవాడే మీ లైన్‌బ్యాకర్‌కి శత్రువు. అతనికి రెండు దారులుంటాయి. నేరుగా లైన్‌బ్యాకర్ మీదికి వెళ్లచ్చు. లేదా పక్కవాడితో కలిసి మన లైన్‌మన్‌ని ఇద్దరూ ఒకసారి నెట్టి, ఆ తర్వాత ఇద్దరిలో ఒకరు విడిపోయి లైన్‌బ్యాకర్ మీదికి రావచ్చు. బాగా నేర్చిన టీమ్‌లు రెండోదే ఎక్కువగా చేస్తాయి.

ఫ్రంట్ అంటే డిఫెన్స్ లైన్ నిలబడే అమరిక. మామూలుగా వాడే ఓవర్ ఫ్రంట్‌ని మీ పటం మీద పెట్టి చూడండి. ఎడమ టాకిల్ మీద 5, సెంటర్ ఎడమ భుజం మీద 1, కుడి గార్డ్ బయటి భుజం మీద 3, టైట్ ఎండ్ మీద 9. ఆరుగురు బ్లాకర్లలో నలుగురు కవర్ అయ్యారు. ఎడమ గార్డ్, కుడి టాకిల్ ఖాళీ. మనవాళ్లు లేని సందులు మూడు: ఎడమ బి, కుడి ఎ, కుడి సి. వీటిని బబుల్ అంటారు. అక్కడ లైన్‌బ్యాకర్లు ఉంటారు: ఎడమ బి విల్‌ది, కుడి ఎ మైక్‌ది, కుడి సి శామ్‌ది. ఇవి లైన్‌బ్యాకర్ల స్థానాల పేర్లు, మైక్ అంటే మధ్యలోవాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, అసలు విషయం ఇదే. ఆరుగురి ఎదురుగా మీకు నలుగురే ఉన్నప్పుడు, ఎలా నిలబెట్టినా ఇద్దరు ఖాళీగా మిగులుతారు. ఆ ఖాళీని మాయం చేయలేరు, చోటు మాత్రం మార్చగలరు. నోస్‌ని 1 నుంచి ఎడమ గార్డ్ మీద 2ఐకి జరిపారనుకోండి. గార్డ్ కవర్ అయ్యాడు, సెంటర్ ఖాళీ అయ్యాడు. ఇప్పుడు విల్‌కి ఊపిరాడుతుంది, మైక్ మీదికి సెంటర్ రావచ్చు. కానీ సెంటర్ ముందు బంతి అందించాలి, ఆ తర్వాతే కదలాలి. చాలా పిల్లల టీమ్‌లలో స్నాప్ చేస్తూ పరిగెత్తడం సెంటర్‌కి అంత తేలిక కాదు. అలాంటి సెంటర్ ఉంటే నేను ఖాళీని అతనికే ఇస్తాను.

కాబట్టి మ్యాచ్‌కి ముందు రెండు ప్రశ్నలు రాసుకోండి. ఎదుటివాళ్లలో పరిగెత్తలేని బ్లాకర్ ఎవరు? నా లైన్‌బ్యాకర్లలో బ్లాకర్‌ని చేతులతో విదిలించుకోగల బలమున్నవాడు ఎవరు? ఖాళీ వాళ్లిద్దరి మధ్య పడేలా లైన్‌ను జరపండి. మీ టీమ్‌లో బక్కపలచని, వేగమున్న లైన్‌బ్యాకర్ ఉంటే అతని ఎదురుగా గార్డ్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీగా వదలకండి.

కాలు ఎక్కడ పెట్టాలి

నంబర్ చెప్పగానే పిల్లలు సందులో నిలబడతారు. 3 అనగానే బి-గ్యాప్ మధ్యలోకి పోతారు, ఎందుకంటే అక్కడినుంచి లోపలికి దూసుకుపోవడం సరదాగా ఉంటుంది. మా టీమ్‌లో జరిగింది ఇదే. 3 అంటే సందు కాదు, మనిషి. అతని లోపలి కాలు గార్డ్ రెండు కాళ్ల మధ్య గీతకి ఎదురుగా ఉండాలి. అలా ఉంటే అతని ఛాతీలో సగం గార్డ్ భుజం మీదుంటుంది. గార్డ్ మైక్ దగ్గరికి పోవాలంటే ముందు ఇతన్ని దాటాలి.

అదే జానెడు బయట నిలబడితే గార్డ్ ముందు దారి తెరిచినట్టే. పక్కనున్న టాకిల్ లోపలికి అడుగేసి ఒక్కడే మనవాణ్ణి పక్కనుంచి నెట్టేస్తాడు, గార్డ్ తీరిగ్గా పైకి, అంటే లైన్‌బ్యాకర్ దాకా, వస్తాడు. మన ఒక్కడికి వాళ్ల ఒక్కడు సరిపోయాడు. లోపల బిగించి నిలబడితే ఆ పనికి ఇద్దరు కావాలి.

ప్రాక్టీసులో నేను గడ్డి మీద సుద్దపొడితో ఎదుటివాళ్ల కాళ్ల గుర్తులు వేస్తాను. మన లైన్‌మన్ వచ్చి తన కాలు ఆ గీతకి ఎదురుగా పెట్టాలి. ఐదుసార్లు పెట్టాక గుర్తులు చెరిపేసి, కళ్లు మూసుకుని నడిచొచ్చి నిలబడమంటాను. మళ్లీ బయటికే పోతారు. మళ్లీ వేస్తాను. రెండు వారాలు పట్టింది మా 3-టెక్నిక్ అబ్బాయికి అలవాటు కావడానికి. మూడో శనివారం ఎదుటి గార్డ్ మైక్ దాకా వచ్చింది రెండే రెండుసార్లు.

బంతికి ఎంత దగ్గర అన్నది కూడా కాలితో పాటే చూడండి. రెండు లైన్ల మధ్య బంతి పొడవంత ఖాళీ వదలాలన్నది రూలు. అది సుమారు 11 అంగుళాలు, జానెడు కంటే కాస్త ఎక్కువ. ఆ గీత దాటకుండా వీలైనంత దగ్గరగా నిలబెట్టండి. వెనక్కి నిలబడితే ఎదుటివాడికి రెండో అడుగు వేసే సమయం దొరుకుతుంది. రెండో అడుగు పడ్డ బ్లాకర్‌ని చేతులతో ఆపడం కష్టం.

చేతులు ముందుగా మనిషి మీదికి పోవాలి

స్నాప్ అవగానే లైన్‌మన్ చేతులు తన ఎదురుగా ఉన్నవాడి ఛాతీ మీద పడాలి, ఆ తర్వాతే కళ్లు బంతి కోసం వెతకాలి. ఇక్కడ 5-టెక్నిక్ పని చాలామంది వదిలేస్తారు. టాకిల్ తనని వదిలేసి లోపలికి, విల్ వైపు అడుగేశాడనుకోండి. మన కుర్రాడికి ఎదురుగా దారంతా ఖాళీ. సంతోషంగా వెనక బంతి అందుకునే క్వార్టర్‌బ్యాక్ మీదికి పరిగెడతాడు. అలా పోనివ్వకండి. టాకిల్ లోపలికి కదిలితే మనవాడూ అతనితోపాటే లోపలికి అడుగేసి, రెండు అరచేతులతో అతని భుజం మీద బలంగా కొట్టి నెట్టాలి. టాకిల్ దారి అరడుగు వంకరపోతే చాలు, విల్ అతన్ని దాటిపోతాడు. పైగా బ్లాకర్లు మనవాణ్ణి వదిలేశారంటే మామూలుగా ఇంకో బ్లాకర్ అడ్డంగా పరిగెత్తి వస్తున్నాడని అర్థం. లోపలికి దగ్గరగా ఉంటే వాణ్ణి కూడా అడ్డుకోగలడు.

కొట్టడం వేరు, పట్టుకోవడం వేరు. బ్లాకర్ జెర్సీని పిడికిట్లో పట్టి ఆపితే హోల్డింగ్. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో దానికి 5 గజాల శిక్షతో పాటు ఎదుటివాళ్లకు ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు, ఊరికే వస్తుంది. అరచేయి తెరిచి కొట్టడం, తెరిచే నెట్టడం నేర్పండి.

ఇద్దరు ఒకడి మీద పడినప్పుడు

కబడ్డీ ఆడినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. రైడర్ చీలమండని కార్నర్ ఒడిసి పట్టుకుంటే, మిగతావాళ్లు వచ్చి పడగొడతారు. ఇక్కడ లైన్‌మన్ కట్టిపడేసేది బంతి ఉన్నవాణ్ణి కాదు, వాడికి దారి తీసే ఇద్దరిని. ఇద్దరు బ్లాకర్లు ఒక లైన్‌మన్ మీద ఎంతసేపు ఉంటే అంతసేపు మనకు ఒక మనిషి ఎక్కువ ఉన్నట్టు.

మొదటివాడు ఎదురుగా తగిలాక పక్కనుంచి రెండో బరువు తెలుస్తుంది. అప్పుడు మనవాడు వెంటనే ఆ రెండోవాడి వైపున్న తుంటిని కిందికి దించాలి, పిరుదులు నేలకు దగ్గరవ్వాలి. నిటారుగా ఉంటే ఇద్దరూ కలిసి వెనక్కి తోసుకుంటూ లైన్‌బ్యాకర్ కాళ్ల మీదికే తెస్తారు. తుంటి దించి, ఇద్దరి మధ్య భుజం ఇరికించి, అక్కడే ఉండాలి. మరీ ఆగలేకపోతే మోకాలు నేలకు ఆనించి కుప్పగా పడిపోయినా నయమే, వెనక్కి మాత్రం పోకూడదు. విడిపోయి పైకి వెళ్లాలనుకునేవాడు మనవాడి మీంచి బరువు తగ్గించి ఒక చెయ్యి ఎత్తేస్తాడు. ఆ క్షణంలో మనవాడు అతని వైపే నెట్టాలి.

ఒక జాగ్రత్త. ఒకడు పైన పట్టుకుని ఉండగా ఇంకొకడు మోకాళ్ల మీద పడితే దాన్ని చాప్ బ్లాక్ అంటారు. ఎన్ఎఫ్ఎల్ 2016లో దాన్ని పూర్తిగా నిషేధించింది. పిల్లల ఆటలో అలాంటిది కనిపిస్తే వెంటనే రిఫరీతో మాట్లాడండి, తర్వాత చూద్దాం అనుకోకండి.

ఈ పని చేసేవాళ్ల పేర్లు స్కోరుకార్డులో ఉండవు. బాల్టిమోర్ రేవెన్స్ 2000 సీజన్‌లో 16 మ్యాచ్‌లలో 165 పాయింట్లే ఇచ్చింది, రన్నింగ్‌లో మొత్తం 970 గజాలే. 16 మ్యాచ్‌ల సీజన్‌లో రెండూ రికార్డులే. జయంట్స్‌ని 34-7తో ఓడించిన సూపర్ బౌల్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ) రే లూయిస్, మిడిల్ లైన్‌బ్యాకర్. అతని ముందు మధ్యలో ఇద్దరు కొండల్లాంటివాళ్లు ఉండేవారు: టోనీ సిరగూసా, శామ్ ఆడమ్స్. సిరగూసా 12 సీజన్లలో చేసిన శాక్‌లు, అంటే బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టినవి, 22 మాత్రమే. ఆ అంకె చూసి అతని ఆటను కొలిస్తే అన్యాయం. ఇద్దరేసి బ్లాకర్లను అతను మీదేసుకున్నందుకే లూయిస్ అటు చివర నుంచి ఇటు చివరకు తగలకుండా పరిగెత్తగలిగాడు.

షికాగో బేర్స్‌లో లైన్‌బ్యాకర్ బ్రయన్ అర్లాకర్ సంగతీ అంతే. 2001లో టెడ్ వాషింగ్టన్, కీత్ ట్రేలర్ ముందుంటే జట్టు 13-3తో (గెలుపులు-ఓటములు) ముగించింది, లీగ్‌లో అందరికంటే తక్కువగా 203 పాయింట్లు ఇచ్చింది. మరుసటి ఏడు వాషింగ్టన్ గాయంతో రెండు మ్యాచ్‌లే ఆడాడు, జట్టు 4-12కి పడిపోయింది. అదొక్కటే కారణం అనను, కానీ ఆ ఏడాది అర్లాకర్ మీదికి వచ్చే బ్లాకర్ల వరద చూసినవాళ్లకు తేడా తెలుసు.

లైన్‌బ్యాకర్ చేయాల్సింది

నాలుగైదు గజాల లోతులో, వీలైతే తన లైన్‌మన్ వెనకే నిలబెట్టండి. మధ్యలో మనవాడి ఒళ్లు అడ్డం ఉంటే బ్లాకర్ చుట్టు తిరిగి రావాలి. మిగతాది వేగం. తన సందు తెరుచుకుందని కనిపించగానే ముందుకు రావాలి. అతను ముందుకొస్తే, ఇద్దరిగా నెడుతున్నవాళ్లలో ఒకడు తొందరగా విడిపోక తప్పదు, లైన్‌మన్‌కి ఊరట. అతను మడమల మీద నిలబడి చూస్తూ ఉంటే ఆ ఇద్దరూ లైన్‌మన్‌ని మూడు గజాలు తోసి, తీరిగ్గా పైకి వస్తారు. లైన్‌మన్ కొనిచ్చేది ఒక్క క్షణమే, దాన్ని వాడుకోవాలి.

సరిపోకపోతే ఫ్రంట్ మార్చండి

జరపడాలు సరిపోక మైక్ ఇంకా దెబ్బలు తింటుంటే బేర్ ఫ్రంట్ పెట్టండి. సెంటర్ మీద 0, గార్డ్‌లిద్దరి మీద 3లు. లోపలి ముగ్గురూ కవర్ అయిపోతారు, మైక్ మీదికి సూటిగా వచ్చేవాడు ఉండడు. కోచ్ బడ్డీ రయాన్ 46 డిఫెన్స్ ఇదే. 46 అన్నది సేఫ్టీ (అందరికంటే వెనక కాపలా ఉండేవాడు) డగ్ ప్లాంక్ జెర్సీ నంబర్. 1985 బేర్స్ దీనితో 15-1 సాధించి, సూపర్ బౌల్‌లో పేట్రియట్స్‌ని 46-10తో ఓడించింది. ఆ ఏడాది ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు మధ్యలో ఉన్న మైక్ సింగిల్టరీ. నష్టం ఏంటంటే వెనక మనుషులు తగ్గుతారు, పాస్ బాగా వేసే టీమ్ మీద కష్టం. పిల్లల ఆటలో అంత పాస్ ఎవరూ వేయరు కాబట్టి, మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) రెండు గజాలు కావాల్సినప్పుడు నేను ఇదే పెడతాను.

ముగ్గురే లైన్‌మన్‌లుంటే టైట్ ఫ్రంట్ చూడండి: సెంటర్ మీద 0, టాకిల్స్ లోపలి భుజాల మీద 4ఐలు. పటం మీద గార్డ్‌లిద్దరూ ఖాళీయే. కానీ గార్డ్ పైకి వెళ్లిపోతే, లోపల నిలబడ్డ 4ఐని టాకిల్ ఒంటరిగా పట్టుకోలేడు, అతను బి-గ్యాప్‌లోంచి దూరిపోతాడు. ఆ భయంతో గార్డ్ కదలలేక ఉండిపోతాడు. అయోవా స్టేట్ యూనివర్సిటీ జట్టు 2017 నుంచి ఇలాంటి ముగ్గురి ఫ్రంట్ వెనక ముగ్గురు సేఫ్టీలను పెట్టి ఆడింది, ఆ ఏడాదే ఒక్లహోమాను దాని సొంత మైదానంలో 38-31తో ఓడించింది.

లైన్ చివర్లలో ఉన్న మనవాళ్లిద్దరినీ బాగా దూరంగా నిలబెట్టే వైడ్ 9 మాత్రం లైన్‌బ్యాకర్లు గట్టివాళ్లయితేనే పెట్టండి. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడానికి అది బాగుంటుంది, లోపల మాత్రం దార్లు తెరిచేస్తుంది. 2011లో ఫిలడెల్ఫియా ఈగల్స్ అనుభవం లేని లైన్‌బ్యాకర్లతో అది ఆడి ఇబ్బంది పడింది, 8-8తో ముగించింది.

ప్రాక్టీసులో, మ్యాచ్‌లో

సగం లైన్ చాలు. సెంటర్, గార్డ్, టాకిల్ ఒకవైపు. 1, 3 టెక్నిక్‌లు, వాళ్ల వెనక ఒక లైన్‌బ్యాకర్ ఇంకోవైపు. సగం వేగంతో పదిసార్లు. మీరు పైకే "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి. రెండు అనేలోపు ఏ బ్లాకర్ చెయ్యీ లైన్‌బ్యాకర్‌కి తగలకపోతే పాయింటు లైన్‌మన్‌లకు, లైన్‌బ్యాకర్‌కి కాదు. ఆ పాయింటు ఎవరికి పోతోందో పిల్లలు బాగా గుర్తుపెట్టుకుంటారు.

మ్యాచ్ సగమయ్యాక లైన్‌బ్యాకర్‌ని ఒకటే అడగండి: "నిన్ను ఏ జెర్సీ నంబర్ వాడు కొడుతున్నాడు?" సెంటర్ నంబర్ చెబితే నోస్ పక్కకి తేలిపోతున్నాడు, తుంటి దించమనండి. గార్డ్ అయితే 3-టెక్నిక్ కాలు చూడండి, బయటికి జరిగే ఉంటుంది. టాకిల్ అయితే 5-టెక్నిక్ చేతులు పెట్టకుండా వెనక్కి పరిగెడుతున్నాడు. నంబర్ చెప్పలేకపోతే కళ్లు లైన్ మీద లేవు, అది మాత్రం వాడి తప్పే, నెమ్మదిగా చెప్పండి. "ఎవరూ తగలడం లేదు అంకుల్" అంటే నీళ్ల బాటిళ్లు తీసుకుని ముందు ఆ నలుగురి దగ్గరికి వెళ్లండి.